మాంసంలో మందు లేదంటే సరిపోదు: ఆహార భద్రత, పశుసంవర్ధక, ఔషధ నియంత్రణ శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రత కమిషనర్లకు. రెండు రాష్ట్రాల పశుసంవర్ధక, మత్స్య, ఔషధ నియంత్రణ శాఖల అధిపతులకు. నగరపాలక, పురపాలక సంఘాల కమిషనర్లకు

అయ్యా, అమ్మా,

చికెన్‌లో మందులకు లొంగని బాక్టీరియా దొరికిందని వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. చికెన్ మానేయమని కొందరంటారు. మన కోళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితికి లోబడే ఉన్నాయి, భయం అక్కర్లేదని ఇంకొందరంటారు. మొదటి మాట కోళ్ల రైతు పొట్ట కొడుతుంది. రెండోది జనం అడిగిన ప్రశ్నకు జవాబే కాదు. మాంసంలో మందు మిగలడం ఒక సమస్య, ఆ మందుకు అలవాటుపడిన బాక్టీరియా మాంసంతోపాటు వంటింటికి రావడం ఇంకో సమస్య. మీ శాఖల తనిఖీలు ఎక్కువగా మొదటిదాని చుట్టూనే తిరుగుతున్నాయి. ఈ లేఖ రెండోదాని గురించి.

ఒక బ్రాయిలర్ కోళ్ల బ్యాచ్‌ను తీసుకుని చూడండి. రెండో వారంలో కోడిపిల్లలకు జలుబు, గురక మొదలైతే నీళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిపి నాలుగైదు రోజులు ఇస్తారు. ఈ మందు కోడి శరీరంలో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అంటే మనుషులకు టైఫాయిడ్‌కీ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కీ రాసిన మందే. నలభయ్యో రోజున కోడి అమ్మకానికి వచ్చేసరికి మందు ఒంట్లోంచి పోయి ఉంటుంది, అవశేషాల పరీక్షలో మాంసం శుభ్రంగా తేలుతుంది. కోడి పేగులో మాత్రం ఆ మందుకు చావకుండా మిగిలిన ఈ-కోలై అప్పటికే పెరిగి స్థిరపడి ఉంటుంది. అదే షెడ్డులో, అదే లిట్టర్ (నేల మీద పరిచిన ఊక, రెట్టలు) మీద తర్వాతి బ్యాచ్ దిగితే, ఒక్క చుక్క మందు తాగకుండానే ఆ పిల్లలకు ఈ బాక్టీరియా అంటుకుంటుంది. అమెరికా 2005లో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపేసింది. కోళ్లలోని క్యాంపైలోబ్యాక్టర్ అనే విరేచనాల బాక్టీరియా ఈ మందుల గుంపుకు లొంగకుండా పోయి మనుషులకు చేరుతోందన్నదే అందుకు కారణం.

ఒక బాక్టీరియా నేర్చుకున్నది దానితోనే పోదు. నిరోధక జన్యువుల్లో చాలా వాటిని ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ చుట్టలు మోస్తాయి. పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా వాటిని అందించగలవు. ఐసీయూలో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా ఏ మందుకూ తగ్గనప్పుడు వైద్యులు ఆఖరుగా ఎత్తే మందు కొలిస్టిన్. దానికి లొంగనివ్వని ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందని 2015లో చైనాలో, పందుల్లోనూ మాంసంలోనూ తీసిన నమూనాల ద్వారా బయటపడింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారానికి పెంచే పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా హర్షించాం. దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి నిషిద్ధ యాంటీబయాటిక్‌ల జాబితాను పెంచింది. అయితే జాబితా పెరిగినంత మాత్రాన ఫారం దగ్గర వాడకం తగ్గినట్టు కాదు. కూర్పు సరిగ్గా రాయని ప్యాకెట్ ‘ఫీడ్ సప్లిమెంట్’ పేరుతో కౌంటర్ మీద దొరుకుతున్నంత కాలం, రైతు తాను ఏం వాడుతున్నాడో తనకే తెలియని స్థితి ఉంటుంది. వెటర్నరీ మందుల షాపుల్లోంచి, ఫీడ్ దుకాణాల్లోంచి అలాంటి ప్యాకెట్లనే నమూనాలుగా తీసి ల్యాబ్‌కు పంపండి. కోడిని పరీక్షించడం కంటే ప్యాకెట్‌ను పరీక్షించడం తేలిక. ఎవరు తయారుచేశారో కూడా అక్కడికక్కడే తేలుతుంది.

చేతిలో ఉండి కూడా ఎవరూ పట్టించుకోని నిబంధన ఒకటుంది. పశువులకు వాడే మందు లేబుల్ మీద, చివరి డోసు ఇచ్చాక ఎన్ని రోజులు ఆగి మాంసం, పాలు, గుడ్లు వాడాలో రాయాలి. నిర్ధారించిన గడువు లేకపోతే 2012లో ఔషధ నిబంధనల్లో చేర్చిన కనీస గడువులు వర్తిస్తాయి: పాలకు, గుడ్లకు 7 రోజులు; కోడి, ఇతర జంతు మాంసానికి 28 రోజులు; చేపకు 500 డిగ్రీ-రోజులు. బ్రాయిలర్ మొత్తం బతికేదే 35 నుంచి 42 రోజులు. లేబుల్ మీద గడువు లేని మందును మూడో వారంలో వాడితే ఆ బ్యాచ్‌ను అమ్మే వీలే లేదన్నమాట. ఈ లెక్క ఎంతమంది సూపర్‌వైజర్లకు తెలుసు? చేప లెక్క ఇంకా తేలిక. 500ను నీటి సగటు ఉష్ణోగ్రతతో భాగిస్తే రోజులు వస్తాయి. నీళ్లు 28 డిగ్రీలుంటే 18 రోజులు. శీతాకాలంలో 22కి పడిపోతే 23 రోజులు. చల్లటి నీళ్లలో చేప ఒంట్లోంచి మందు నెమ్మదిగా పోతుంది కాబట్టి పట్టుబడిని ఆలస్యం చేయాల్సిందే. ఈ పట్టికను ఒక పేజీలో తెలుగులో అచ్చేసి ప్రతి మందుల షాపు గోడకూ అంటించడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

ఫారం దగ్గర తప్పంతా రైతుదే అనడం న్యాయం కాదు. కంపెనీ కోసం రైతు కోళ్లు పెంచిపెట్టే ఇంటిగ్రేషన్ పద్ధతిలో కోడిపిల్లలు, మేత, మందులు అన్నీ కంపెనీవే. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. కిలోకి ఇంత అని పెంపకం చార్జీ తీసుకునే మనిషి, సూపర్‌వైజర్ ఇచ్చిన సీసాను కాదనలేడు. అందుకే బ్యాచ్ వారీ మందుల రికార్డు బాధ్యత కంపెనీ మీద పెట్టాలి. మందు పేరు, మోతాదు, మొదలు పెట్టిన రోజు, ఆపిన రోజు, రాసిన పశువైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న కాగితం బండితోపాటు హోల్‌సేల్ దుకాణం దాకా రావాలి. మందు అవసరాన్నే తగ్గించే పనులకు రైతుకు సాయం చేయాలి. శ్వాసకోశ జబ్బుల్లో చాలావాటికి తడిసిన లిట్టర్, దాన్నుంచి లేచే అమ్మోనియా దారి చూపిస్తాయి. షెడ్డులోకి వెళ్లగానే కళ్లు మండుతున్నాయంటే కోడికి అప్పటికే ఆలస్యమైంది. కోళ్లు నీళ్లు తాగే నిపుల్‌ల లీకులు కట్టేసి, ఊకను రోజూ తిరగేసి, పక్క పరదాలు పైనుంచి దించి గాలి ఆడనిస్తే సగం గురక తగ్గుతుంది. నీళ్ల పైపుల్లో పేరుకునే జిగురు పొర ఇంకో మూలం. బ్యాచ్ దిగిపోగానే పైపును ఒత్తిడితో కడిగి, క్రిమిసంహారిణి నింపి ఉంచి, మళ్లీ కడగాలి. బ్యాచ్ నడుస్తుండగా క్లోరిన్‌ను ట్యాంకు దగ్గర కొలిస్తే లాభం లేదు, ఆఖరి నిపుల్ దగ్గర 2 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉందో లేదో చూడాలి. బతికున్న క్రిమితో చేసిన లైవ్ వ్యాక్సిన్‌ను నీళ్లలో ఇచ్చేటప్పుడు మాత్రం ముందే క్లోరిన్ ఆపాలి, లేదంటే వ్యాక్సిన్ చచ్చిపోతుంది. టీకా పడని బ్యాచ్ మళ్లీ యాంటీబయాటిక్ దగ్గరికే వస్తుంది.

ఇక చికెన్ షాపు. ఫారంలో ఎంత బాగా పెంచినా కోడి పేగులో ఎంతో కొంత నిరోధక ఈ-కోలై ఉంటుంది. అది మాంసం ముక్క మీదికి ఎక్కేది షాపులోనే. ఆదివారం పొద్దున ఏ వీధి షాపు ముందైనా పది నిమిషాలు నిలబడితే అది ఎన్ని దారుల్లో ఎక్కుతుందో కనిపిస్తుంది. కోసిన కోళ్లను ఒకదాని మీద ఒకటి ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తారు. కొట్టుకునే కోడి రెట్ట వేస్తుంది, అది మిగతావాటికి పులుముకుంటుంది. ‘విత్ స్కిన్’ అడిగినవారికి వేడినీళ్ల డ్రమ్ములో ముంచుతారు. ఈక వదలడానికి సరిపోయే ఆ 50-60 డిగ్రీల వేడి బాక్టీరియాను నమ్మకంగా చంపదు. అదే నీళ్లలో మధ్యాహ్నం దాకా కోళ్లు మునుగుతుంటాయి. తర్వాత ఈకలు పీకే మెషీన్. దాని రబ్బరు వేళ్లు పగిలితే పగుళ్లలో రెట్ట ఇరుక్కుంటుంది, ఏ కడుగుడూ లోపలికి పోదు. ఆపైన పేగు తీసేటప్పుడు చిట్లిందంటే చెయ్యి, కత్తి, మొద్దు అన్నీ అయిపోయినట్టే. చివరగా అందరి ముక్కలనూ ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీయడం. శుభ్రం చేయడానికి పెట్టిన ఆ బకెట్టే ఒక కోడిలో ఉన్నదాన్ని యాభై ఇళ్లకు పంచుతుంది.

చింత మొద్దు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్త మొద్దు మంచిదే. గట్టి చెక్క, ముక్క జారదు, కత్తి పదును పోదు. కానీ ఏడాది తిరిగేసరికి దాని మీద వేలు లోతు గాట్లు పడతాయి. వాటిలో కొవ్వు, నెత్తురు, ఎముక నలుసులు ఇరుక్కుని రాత్రంతా తడిగా ఉంటాయి. ఉప్పు రాసి గీకినా పై పొరే పోతుంది. తీసేయమంటే షాపువాళ్లు ఒప్పుకోరు, ఎముక కొట్టడానికి అదే కావాలంటారు. అది నిజమే. కాబట్టి నిషేధం బదులు ఇలా చేయండి: గాట్లు లోతైనప్పుడు పై పొర కోయించి చదును చేయించాలన్న షరతు ట్రేడ్ లైసెన్సులో పెట్టండి. ఎముక లేని ముక్కలకు ఆహారానికి పనికొచ్చే రకం మందపాటి ప్లాస్టిక్ పలకలు రెండు తప్పనిసరి చేయండి. ఒకటి వాడకంలో ఉండగా రెండోది క్లోరిన్ నీళ్లలో నానుతుంటుంది, గిరాకీ ఆపాల్సిన పని ఉండదు.

క్లోరిన్ నీళ్ల విషయంలో జరిగే పొరపాటు ఒక్కటే, అయితే అది అన్నిచోట్లా జరుగుతుంది: నెత్తురు, కొవ్వు అంటి ఉన్న పలక మీదే బ్లీచింగ్ నీళ్లు పోసేస్తారు. క్లోరిన్ ముందుగా ఆ మురికితోనే కలిసి ఖర్చయిపోతుంది, బాక్టీరియాకు మిగలదు. ముందు గీకాలి, తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, ఆ తర్వాతే క్లోరిన్. 30 శాతం బలమున్న తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే 10 లీటర్ల నీటికి 7 గ్రాములు, అంటే సుమారు 200 పీపీఎం. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం అయితే 10 లీటర్లకు 40 మిల్లీలీటర్లు. రెండు నిమిషాలు తడిగా ఉండాలి, ఆపైన మంచినీళ్లతో కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. మూత తీసి ఉన్న పౌడర్ సంచి వానాకాలంలో కొద్ది వారాలకే బలం కోల్పోతుంది. వాసన వస్తోంది కదా అని నమ్మకూడదు. దీన్ని యాసిడ్‌తో కలపొద్దని కూడా చెప్పాలి, విషవాయువు పుడుతుంది.

ఇంకో మూడు చిన్న మార్పులు ఉన్నాయి. కోళ్లను కోయడానికి ముందు, ప్రయాణంతో కలిపి 8 నుంచి 12 గంటలు మేత ఆపాలి, నీళ్లు ఆపకూడదు. పేగు ఖాళీ అయి రెట్ట తగ్గుతుంది. అంతకు మించి పస్తు పెడితే పేగు పలచబడి తేలిగ్గా చిట్లుతుంది. డ్రమ్ము బదులు, కోసేటప్పుడు కోడిని తలకిందులుగా పెట్టడానికి ఒక్కోదానికి ఒక్కో స్టీలు గరాటు ఉండాలి. డబ్బు తీసుకునే చెయ్యి, మాంసం కోసే చెయ్యి వేరుగా ఉండాలి. క్యూఆర్ కోడ్ వచ్చాక ఇది మునుపటికంటే సులువే. ఇవన్నీ చేయించే అధికారం మీకుంది. ఆహార భద్రత చట్టం 30వ సెక్షన్ కింద 2024 అక్టోబరులో తెలంగాణ కమిషనర్ ముడి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు ఆపగలిగారు. అంత చొరవ చూపిన శాఖకు అందరి ముక్కలూ ఒకే బకెట్‌లో ముంచడాన్ని ఆపడం కష్టం కాదు.

జనానికి చెప్పాల్సింది కూడా సూటిగా చెప్పండి. మందుకు లొంగని బాక్టీరియా వేడికి లొంగుతుంది. ముక్క లోపల 75 డిగ్రీలు దాటేలా ఉడికితే మామూలు బాక్టీరియా ఎలా చస్తుందో ఇదీ అలాగే చస్తుంది. కూర ఉడికాక భయం లేదు. ప్రమాదమంతా పొయ్యి ఎక్కకముందే: చికెన్ కోసిన కత్తిపీటతోనే ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర తరగడం, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కవరు పై అరలో పెట్టి రసం కింద పెరుగు మీద కారనివ్వడం, ధారగా పడే కొళాయి కింద ముక్కలు కడిగి తుంపరలు పక్క గిన్నెల మీద పడనివ్వడం. కడగొద్దని చెబితే మన ఇళ్లలో ఎవరూ వినరు. గిన్నెలో నీళ్లు తీసుకుని నెమ్మదిగా కడగమనండి, ఆ నీళ్లు పోసిన సింకును సబ్బుతో కడగమనండి. పసుపు, ఉప్పు పట్టించడం నీచు వాసనకు పనికొస్తుందేమో గానీ ఈ-కోలైని తొలగిస్తుందని నమ్మకూడదు. బస్సు కడ్డీ మీద, లిఫ్టు బటన్ మీద బాక్టీరియా ఉందంటూ తిరిగే వీడియోల వెంట శాఖలు పరుగెత్తనక్కర్లేదు. అక్కడ చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

షాపు వెనక కాలువ సంగతి అలా కాదు. నెత్తురు, పేగుల నీళ్లు మురుగులో కలుస్తాయి. ఫారం లిట్టర్ పొలానికీ, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకూ ఎరువుగా వెళ్తుంది. పచ్చి లిట్టర్‌ను నేరుగా చెరువులో వేయడమంటే కోడి పేగులోని బాక్టీరియాను చేప ఉన్న నీళ్లలోకి పంపడమే. విదేశాలకు వెళ్లే రొయ్యకు నిషిద్ధ మందుల పరీక్షలున్నాయి. మన సంతకు వచ్చే చేపకు కూడా అంత శ్రద్ధ దక్కాలి. లిట్టర్‌ను ముందు కుప్పవేసి మాగనివ్వాలి: మనిషి ఛాతీ ఎత్తు కుప్ప, గుప్పిట్లో పిండితే ముద్దయ్యేంత కానీ నీరు కారనంత తేమ, మధ్యలో 55 డిగ్రీలకు తగ్గని వేడి కనీసం 15 రోజులు, ఆ వ్యవధిలో ఐదుసార్లు తిరగేయడం. తిరగేయకపోతే అంచుల్లో ఉన్నది చల్లగా, బతికే ఉంటుంది. ఇలా చేసినా నిరోధక జన్యువులు పూర్తిగా పోతాయని హామీ లేదు, బతికున్న బాక్టీరియా మాత్రం బాగా తగ్గుతుంది. పొడవాటి థర్మామీటర్ ఒకటి మండలానికి ఇస్తే చాలు.

నీళ్ల విషయానికొస్తే, ఢిల్లీలో తీసిన 50 కొళాయి నీటి నమూనాల్లో 2 చోట్ల, నిలిచిన మురుగునీటి 171 నమూనాల్లో 51 చోట్ల, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగనివ్వని ఎన్‌డీఎం-1 జన్యువు దొరికిందని 2011లోనే ప్రచురితమైంది. ఆ పేరులో ‘న్యూఢిల్లీ’ ఉండటం మీద అప్పట్లో పెద్ద గొడవ నడిచింది, పైపుల మీద దృష్టి తక్కువ పడింది. మన పట్టణాల్లో నీళ్లు గంటో రెండు గంటలో వదులుతారు. వదలని వేళల్లో పైపు ఖాళీ అయి లోపల ఒత్తిడి పడిపోతుంది, పగుళ్లలోంచి పక్క కాలువ నీరు లోపలికి పీల్చుకుంటుంది. కొళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ మిగలాలన్నది భారతీయ ప్రమాణం. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్‌తో పరీక్ష ట్యాంకు కింద జరిగితే సంఖ్య బాగానే వస్తుంది. వీధి చివరి ఇంట్లో, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో చూడండి.

హైదరాబాద్ పక్కనే ఉన్న ఉదాహరణను విస్మరించలేం. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికి ఇది ఎన్నో రెట్లు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి అవి లేవు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. పరిమితులు కేంద్రం ఇచ్చేదాకా ఆగకుండా, కాలుష్య నియంత్రణ మండళ్లు అనుమతి షరతుల్లోనే వాటిని చేర్చేలా మీరు లేఖ రాయాలి.

మెడికల్ షాపుల గురించి కొత్తగా చెప్పేది తక్కువ. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల ప్రత్యేక జాబితా) ప్రకారం సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ అమ్మితే డాక్టరు, రోగి, మందు, పరిమాణం వివరాలతో రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలి. కొన్న బిల్లుల్లోని స్ట్రిప్పుల లెక్కను ఆ రిజిస్టరుతో పోల్చి చూడండి. తేడా ఎంత ఉందో అదే చీటీ లేకుండా పోయిన సరుకు. కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా అమ్మే షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. మన దగ్గరా చేయొచ్చు. 2019లో దేశంలో సుమారు 2.97 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమని అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఇంత నష్టానికి ఒక రిజిస్టరు తనిఖీ పెద్ద శ్రమేమీ కాదు.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే బాక్టీరియానే లెక్కపెట్టాలి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ‘ట్రైసైకిల్’ పద్ధతి జిల్లా ల్యాబులో చేయగలిగేదే. ఒకే నమూనాను బాక్టీరియా పెంచే రెండు ప్లేట్ల మీద వేస్తారు: ఒకటి మామూలుది, రెండోది మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాముల సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ కలిపినది. రెండింటి మీదా పెరిగిన ఈ-కోలైని లెక్కపెడితే నూటికి ఎన్ని ఆ మందుకు లొంగడం లేదో తెలుస్తుంది. నమూనా తీసేవారు రెండు జాగ్రత్తలు పాటించాలి. క్లోరిన్ ఉన్న నీటికైతే సీసాలో ముందే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచాలి, లేకపోతే ల్యాబుకు చేరేలోపు క్లోరిన్ బాక్టీరియాను చంపేసి ఏమీ లేనట్టు చూపిస్తుంది. ఐస్ పెట్టెలో 2-8 డిగ్రీల మధ్య ఉంచి 24 గంటల్లోపు చేర్చాలి, గడ్డకట్టనివ్వకూడదు. కొలిస్టిన్‌కు మాత్రం, మందు బిళ్లను ప్లేటు మీద పెట్టి చూసే డిస్కు పరీక్ష నమ్మదగింది కాదు. దాని అణువు పెద్దది, ప్లేటులోని అగర్ జెల్లీలో సరిగా పాకదు. మందును ద్రవంలో వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే బ్రోత్ మైక్రోడైల్యూషన్ పరీక్ష చేయగల వైద్య కళాశాల ల్యాబుకు పంపండి.

జిల్లాకు నెలకు ఇరవై షాపుల పలకలు, పది ఫారాల లిట్టర్, పది చివరి కొళాయిలు చాలు మొదలుపెట్టడానికి. షాపు పేరు ప్రకటించి ఎవరినీ రోడ్డున పడేయనక్కర్లేదు. మండలం వారీ సంఖ్యలు మూడు నెలలకోసారి శాఖ వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టండి. శాంపిల్ తీయడంలో, షాపువాళ్లకు, సూపర్‌వైజర్లకు శిక్షణలో మీ సిబ్బందితో కలిసి పనిచేయడానికి మేం సిద్ధంగా ఉన్నాం. మొదటి విడతగా ఏ జిల్లాలు తీసుకుంటారో ముప్పై రోజుల్లో తెలియజేయమని కోరుతున్నాం.

ఇట్లు,
మైక్రోబయాలజీ, పశువైద్య, ఫార్మసీ, ఆహార పరీక్షా రంగాల్లో పనిచేస్తున్న కొందరం